కాజాలమ్మ కుడిచెయ్యి

ఆమెకూ ఒక పేరుండేది. కాజాలు కుట్టీ కుట్టీ ఆ పేరు ఎప్పుడో అరిగిపోయింది. వీధిలో పాలవాడి దగ్గర్నుంచి పోస్టుమాన్ దాకా అందరికీ ఆమె కాజాలమ్మే. చొక్కాకు గుండీ దూరే చిల్లు ఉంటుంది చూడండి, దాని అంచు పీచు లేవకుండా చుట్టూ దారంతో చిక్కగా కుడతారు. ఆ కుట్టే కాజా. మిషన్లు వచ్చి చిటికెలో కాజా కొట్టి పారేస్తున్న ఈ రోజుల్లో కూడా, ఎదురు వరుసలో ఉన్న టైలరు మేస్త్రి ఖరీదైన కోట్లకు చేతి కాజాలే వేయిస్తాడు. వేసేది ఈవిడ ఒక్కతే.

ఆవిడ కాజా మహా బిగుతు. గుండీని గట్టిగా పట్టుకోకపోతే దాన్ని కాజా అనరు, చిరుగు అంటారు అని ఆవిడ వాదన. కొత్త కోటు తొడుక్కున్న పెద్దమనుషులు మొదటి రోజు గుండీ పెట్టలేక చెమటలు కక్కి, మేస్త్రిని నాలుగు తిట్టి, అలవాటయ్యాక ఆ కోటునే ఏళ్ళ తరబడి వదలకుండా తొడిగేవారు. తన బట్టలు కూడా ఆవిడే కుట్టుకునేది. మెడ దగ్గర్నుంచి నడుము దాకా గుండీలుండే పొడుగు గౌన్లు. వాటి కాజాలు ఇంకా బిగుతు. ఊరందరికీ కుట్టే మనిషి తన దగ్గరకొచ్చేసరికి తక్కువ చేసుకుంటుందా?

పెళ్ళి చేసుకోలేదు. వద్దనుకుని కాదు, తీరిక దొరకలేదు. తండ్రి పోయాక తల్లి మంచం పట్టింది. పట్టిన మంచం చాలా ఏళ్ళు వదల్లేదు. ఆ మంచం మీద నుంచి పొద్దున కళ్ళు తెరిచింది మొదలు అడుగుతూనే ఉండేది. నీళ్ళివ్వవే, కిటికీ తెరవవే, ఎండొస్తోంది మూయవే, దిండు పైకి జరపవే, ఎక్కడ చచ్చావే. పాపం, ఆవిడ మాత్రం ఏం చేస్తుంది? కానీ చేతిలో సూదితోనే ప్రతి పిలుపుకీ లేచి వెళ్ళిన ఆ పిల్ల, పిల్ల కాస్తా పెద్దదై, జుట్టు నెరిసి, తల్లి పోయిన రోజున ఒక్కటే అనుకుంది: నేను మాత్రం ఎవర్నీ ఏదీ అడగను. అన్నట్టే అడగలేదు కూడా. ఇంట్లో ఉప్పు నిండుకుంటే ఆ పూట చప్పగా తినేది కానీ పక్క తలుపు కొట్టేది కాదు. ఆ పట్టుదలకు ఆవిడ పెట్టుకున్న పేరు గౌరవం. నన్నడిగితే మొండితనం అంటాను.

అలాంటి మనిషికి చెయ్యి విరిగింది. అదీ కుడిచెయ్యి.

ఆ రోజు కాజాలు పూర్తయిన కోట్లన్నీ గుండెలకు ఎత్తి పట్టుకుని మెట్లు దిగుతోంది. రెండుసార్లు తిరిగితే పోయేది, ఒక్కసారే మోసేద్దామనుకుంది. కోట్ల గుట్ట మీంచి కళ్ళు మాత్రమే పైకున్నాయి. మలుపు దగ్గర మెట్టు కనపడలేదు. కాలు జారింది, చెయ్యి ముందుకు వెళ్ళింది, మనిషి బరువంతా ఆ చేతి మీద పడింది. మణికట్టు దగ్గర ఎండుపుల్ల విరిగినట్టు చప్పుడైంది. కోట్లు మాత్రం హాయిగా కింది దాకా దొర్లుకుంటూ పోయి ఒక తలుపు ముందు ఆగాయి.

ఆ తలుపు కండక్టరమ్మది. జీవితమంతా బస్సులో టిక్కెట్లు కొట్టి రిటైరయిన మనిషి. మనిషి రిటైరయింది గానీ గొంతు ఇంకా డ్యూటీలోనే ఉంది. పైనా కిందా ఇళ్ళలో ఉంటూ, ఏళ్ళుగా అవే మెట్లు ఎక్కి దిగుతున్నా, ఇద్దరి మధ్యా "బావున్నారా", "బావున్నాం" దాటి మాట నడవలేదు.

కండక్టరమ్మ తలుపు తీసి, "ఎవరండీ బట్టలిలా పారేసిందీ?" అని అరిచి, తలెత్తి చూసి, "అయ్యో, మనిషి కూడా ఉందే!" అంది.

"ఏం కాలేదండీ, మీరు లోపలికి వెళ్ళండి. నేను లేస్తాను," అంది కాజాలమ్మ, మెట్ల మీద అలాగే పడి ఉండి.

"ఆ చెయ్యి చూసుకున్నారా? అదొక దిక్కు, మీరొక దిక్కు చూస్తున్నారు. లేస్తుందిట లేస్తుంది!"

"ముందు ఆ కోట్లు కాస్త దులిపితే... మేస్త్రి ఏమంటాడో..."

"మేస్త్రి సంగతి నేను చూసుకుంటాగా! కదలకు!" అంది కండక్టరమ్మ. ఆ గాభరాలో 'మీరు' కాస్తా 'నువ్వు' అయిపోయింది. ఆ తర్వాత మళ్ళీ మారలేదు.

ఆసుపత్రిలో వేళ్ళ మొదళ్ళ నుంచి మోచేయి దాకా పిండికట్టు వేశారు. ఈ వయసులో ఎముక నింపాదిగా అతుకుతుందనీ, కొన్ని వారాలు పడుతుందనీ డాక్టరు చెప్పాడు. ఇంట్లో సాయానికి ఎవరున్నారని అడిగాడు. కాజాలమ్మ "ఎవరూ అక్కర్లేదండీ" అంటుండగానే పక్కనున్న కండక్టరమ్మ "నేనున్నాను" అనేసింది. ఎందుకన్నదో ఆవిడకే తెలియదు. వెనక జనం బారులు తీరి ఉంటే ముందున్న వాళ్ళను త్వరగా కదిలించడం బస్సులో అబ్బిన అలవాటు.

మర్నాడు పొద్దున కండక్టరమ్మ పైకి వచ్చేసరికి కాజాలమ్మ భుజాల చుట్టూ దుప్పటి కప్పుకుని మంచం అంచున కూర్చుని ఉంది. గౌను ఎలాగో తొడుక్కుంది, గుండీలు మాత్రం పెట్టుకోలేకపోయింది. ఎడమ చేత్తో ఎంతసేపు కుస్తీ పట్టిందో ఆ గుండీలకే తెలియాలి. తను కుట్టిన కాజాల చేతిలో తనే ఓడిపోయి కూర్చుంది. కాస్త గుండీలు పెట్టండి అన్న మాట గొంతు దాటి రాలేదు. దుప్పటిని ఇంకా దగ్గరకు లాక్కుంది.

కండక్టరమ్మ దుప్పటి తొలగించి చూసింది. కుర్చీ ఎదురుగా లాక్కుని కూర్చుని పై గుండీ నుంచి మొదలుపెట్టింది. రెండో దానికే వేళ్ళు నొప్పెట్టాయి.

"ఇదేం కాజానే తల్లీ! గుండీ పెట్టాలా, గుండీ కాళ్ళు పట్టుకోవాలా?"

"అలా తోయకండి. కొద్దిగా పక్కకు వాల్చి దూర్చండి."

"వాల్చి దూర్చేసరికి మధ్యాహ్నమయ్యేట్టుంది. ఈపాటికి నేను బస్సు నింపి పంపేసేదాన్ని."

అలా మొదలైంది. రోజూ పొద్దున వచ్చేది, గుండీలు పెట్టేది, తల దువ్వేది, టీ కాచి ఇద్దరికీ పోసేది. గుండీకో బస్సు కథ చెప్పేది. ఒళ్ళో బాతును పెట్టుకుని, దానికీ టిక్కెట్టు కొట్టాల్సిందేనని పేచీకి దిగిన పెద్దాయన కథ. తన పెళ్ళికి తనే ఆలస్యమై, కంగారులో వేరే ఊరి బస్సెక్కి, సగం దారిలో లబోదిబోమన్న పెళ్ళికొడుకు కథ. కాజాలమ్మ నవ్వేది. నవ్వు మరిచిపోయిన మనిషి కదా, మొదట్లో ఆ నవ్వు దగ్గులా వచ్చేది. "కదలకే, గుండీ తప్పిపోతోంది" అని కండక్టరమ్మ కసిరేది. కసురుతూ మళ్ళీ నవ్వించేది.

చెప్పాల్సిన మాట ఒకటుంది. తల్లి పోయిన తర్వాత కాజాలమ్మను ఇంకో మనిషి చెయ్యి తాకింది లేదు. కోట్లు ఇచ్చేటప్పుడు మేస్త్రి వేళ్ళు కూడా తగిలేవి కావు. ఇప్పుడు రోజూ ఎవరో ఎదురుగా కూర్చుని, మెడ దగ్గర కాలరు సర్ది, దారప్పోగు కనిపిస్తే తీసి, "ఊఁ, అయింది, రైట్ రైట్" అని వీపు మీద తడుతున్నారు. ఇంతకాలం తను ఒంటరిగా ఉన్నానని ఆవిడకు తెలియదు. ఇల్లంటేనే అలా ఉంటుందనుకుంది. తెలిసిన తర్వాత ఇక ఊరుకోవడం చాతకాలేదు. తెల్లారీ తెల్లారకుండానే లేచి మెట్ల మీద అడుగుల చప్పుడు కోసం చెవులు రిక్కించి కూర్చునేది.

కట్టు విప్పారు. లోపల్నుంచి బయటపడ్డ చెయ్యి తనది కాదనిపించింది. సన్నబడి, చర్మం పొట్టు లేచి, మణికట్టు పైకీ వంగదు, కిందికీ వంగదు. ఎముక చక్కగా అతికిందనీ, ఇక మిగిలిన పని మీదేననీ చెప్పి డాక్టరు ఆవిడను ఫిజియోథెరపీ అమ్మాయికి అప్పజెప్పాడు. ఆ అమ్మాయి చిన్నదైనా గట్టిది. బొటనవేలిని మిగతా వేళ్ళ కొనలకు ఒక్కొక్కటిగా తాకించాలి. గోరువెచ్చని నీళ్ళలో స్పాంజి ముంచి పిండాలి. అరచెయ్యి తిప్పాలి, మణికట్టు వంచాలి.

"నొప్పి కొంచెం ఉంటుంది ఆంటీ, భయపడకండి. మానేశారంటే మాత్రం బిగుసుకుపోతుంది. అప్పుడు నేను కూడా ఏం చెయ్యలేను," అంది. ఆ తర్వాత గౌను కేసి చూసి, "కొన్నాళ్ళు ఈ గుండీలు మానేసి జిప్పు ఉన్నవి వేసుకోండి," అని సలహా ఇచ్చింది.

కాజాలమ్మ అంతెత్తున లేచింది. "జిప్పా? నాకా? మేస్త్రి చూశాడంటే ఉరేసుకుంటాడు!"

పక్కనే ఉన్న కండక్టరమ్మ కడుపు పట్టుకుని నవ్వింది. ఇంటికి వచ్చాక ఆవిడే ఎదురుగా కూర్చుని వ్యాయామాలు చేయించింది. స్పాంజి పిండుతుంటే "రైట్, రైట్" అనేది, నొప్పికి మొహం ముడుచుకుంటే "హోల్డాన్" అని ఆపేది. చెయ్యి రోజురోజుకీ దారిలో పడింది.

ఒక పొద్దున, కండక్టరమ్మ రావడానికి ఇంకా కాస్త టైముండగా, కాజాలమ్మ ఎందుకో పై గుండీని వేళ్ళ మధ్య పట్టుకుంది. పక్కకు వాల్చింది. తోసింది. దూరిపోయింది! నమ్మలేక తడిమి చూసుకుంది. రెండోది పెట్టింది. మూడోది. నడుము దాకా అన్నీ పెట్టేసింది. అద్దం ముందుకు వెళ్ళి, పరీక్ష పాసయిన పిల్లలా నిలబడి తనను తాను చూసుకుంది. ఇక సూది పట్టుకోవచ్చు, మేస్త్రి కోట్లు తెచ్చుకోవచ్చు, ఎవరి అవసరమూ లేదు.

ఎవరి అవసరమూ లేదు. ఆ మాట మనసులో అనుకుంటుండగానే మెట్ల మీద అడుగుల చప్పుడైంది. కాజాలమ్మ గబగబా గుండీలన్నీ విప్పేసింది. దుప్పటి కప్పుకుని మంచం అంచున కూర్చుంది.

"ఏం, ఇవాళన్నా ఒక్కటి పట్టిందా?" అంది కండక్టరమ్మ కుర్చీ లాగుతూ.

"లేదండీ," అంది కాజాలమ్మ.

బడి ఎగ్గొట్టడానికి చిన్నపిల్లలు కడుపునొప్పి అంటారు, అలాంటి అబద్ధం. ఆ వయసులో ఆ మనిషి ఆడవలసిన అబద్ధం కాదు. తిట్టుకోండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ తిట్టేముందు ఆవిడ మంచం అంచున ఒక్క నిమిషం కూర్చుని చూడండి. గుండీలన్నీ శుభ్రంగా పెట్టుకున్న మనిషి ఇంటికి ఎవరొస్తారు? ఏ వంకతో వస్తారు?

ఇదిగో, అసలు చిక్కు ఇక్కడ వచ్చింది. అబద్ధం నిలబడాలంటే చెయ్యి బాగుపడకూడదు. కాజాలమ్మ వ్యాయామాలు తగ్గించింది. కండక్టరమ్మ ఎదుట స్పాంజిని పైపైన నొక్కేది, ఆవిడ దిగిపోగానే గిన్నె పక్కకు తోసేసేది. చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి మేస్త్రి కొట్టును చూస్తూ కూర్చునేది. ఒకరోజు మేస్త్రే పైకి వచ్చాడు, చేతి మీద నల్లకోటు వేసుకుని.

"పాత ఖాతాదారుదమ్మా. చేతి కాజాలే కావాలని పట్టు పట్టాడు. ఎప్పటికి మొదలెడతారు?"

"ఇంకా వేళ్ళకు పట్టు రాలేదయ్యా."

ఆయన నిట్టూర్చి ఆ కోటును మిషన్ కాజాలకు తీసుకుపోయాడు. ఆ నల్లకోటు కొట్టులోకి వెళ్ళేదాకా ఆవిడ కిటికీలోంచి బాధగా చూసింది. అయినా మర్నాడు పొద్దున అడుగుల చప్పుడు వినగానే ఆ బాధ ఎటు పోయిందో పోయింది.

ఫిజియోథెరపీ అమ్మాయి మాత్రం అంత తేలిగ్గా వదల్లేదు. మణికట్టు పట్టుకుని వంచి చూసి కళ్ళజోడు పైకి తోసుకుంది. "ఆంటీ, పోయినసారి ఇంతకంటే బాగా వంగింది. ఇంట్లో చెయ్యడం లేదా? ఇప్పుడు వదిలేస్తే ఇక ఇలాగే ఉండిపోతుంది. సూది మాట దేవుడెరుగు, నీళ్ళ గ్లాసు కూడా పట్టుకోలేరు."

"చేస్తున్నానమ్మా," అంది కాజాలమ్మ. అక్కడా అదే అబద్ధం.

ఒక మధ్యాహ్నం చెత్తబుట్ట ఎడమ చేత్తో పట్టుకుని మెట్లు దిగుతోంది. కండక్టరమ్మ తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపల ఆవిడ ఫోన్లో మాట్లాడుతోంది. ఆ గొంతుకు తలుపు వేసినా వెయ్యకపోయినా ఒకటే.

"ఏడవకే. ఏడిస్తే మోకాలు తగ్గుతుందా? ... తెలుసే, ఆపరేషనయ్యాక లేవలేకపోతున్నావని తెలుసు. పక్కన ఎవరూ లేరనీ తెలుసు. అక్కని కాదూ, నాకు మాత్రం రావాలని ఉండదా? కానీ పైనున్న ఈవిణ్ణి ఎలా వదిలేసి రానూ? గుండీ కూడా పెట్టుకోలేకపోతోంది. నేను తప్ప మనిషి లేదు. ... ఒట్టే. గుండీలు తనంతట తను పెట్టుకున్న రోజున, ఆ సాయంత్రమే రైలెక్కేస్తాను. ఇంకొన్నాళ్ళు ఓర్చుకో, బంగారుతల్లివి కదూ."

ఫోను పెట్టేసింది. ముక్కు చీదుకున్న చప్పుడు వినిపించింది.

కాజాలమ్మ చెత్తబుట్టతోనే వెనక్కి మెట్లెక్కింది. తలుపు మూసుకుని గోడకు చేరగిలబడింది. సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోయింది. ఎక్కడో ఒక మనిషి మంచం మీద నుంచి పిలుస్తోంది, ఆ పిలుపుకు వెళ్ళాల్సిన మనిషిని తను ఇక్కడ ఉత్తుత్తి గుండీలతో కట్టేసింది. పిలిచినా ఎవరూ రాకపోతే ఎలా ఉంటుందో తను ఎన్నడూ ఆలోచించలేదు. తన తల్లి పిలిస్తే తను వెళ్ళింది. ఆ చెల్లెలికి అది కూడా లేదు. ఇక ఒక్క రోజు కూడా వద్దు, రేపు పొద్దున పెట్టుకుని చూపించేస్తాననుకుంది. సరిచూసుకుందామని పై గుండీ పట్టుకుంది.

గుండీ దూరలేదు. మళ్ళీ ప్రయత్నించింది. బొటనవేలు, చూపుడువేలు కలిశాయి గానీ వాటి మధ్య పట్టు లేదు. గుండీని వాల్చాలంటే మణికట్టు తిరగాలి, అది తిరగనంది. గుండీ జారిపోయింది. పట్టుకుంది, జారిపోయింది. చీకటిపడే దాకా అదే పని. ఇన్నాళ్ళూ ఆడిన అబద్ధం ఆవిడ చేతిలోనే నిజమై కూర్చుంది.

మర్నాడే ఫిజియోథెరపీ అమ్మాయి దగ్గరకు తనే వెళ్ళి, "చెయ్యలేదమ్మా. చేస్తున్నానని నీకు అబద్ధం చెప్పాను," అంది. ఆ అమ్మాయి తిట్టలేదు. "మళ్ళీ మొదట్నుంచీ మొదలెట్టాలి ఆంటీ. ఈసారి ఎక్కువ నొప్పెడుతుంది," అంది.

ఎక్కువే నొప్పెట్టింది. వేడినీళ్ళలో చెయ్యి ముంచి స్పాంజి పిండుతుంటే కళ్ళల్లోంచి నీళ్ళు వాటంతటవే కారేవి. ట్రంకు పెట్టె అడుగు నుంచి తండ్రి పాత కోటు తీసింది. దాని కాజాలు అరిగి వదులైపోయాయి, గుండీలు పెద్దవి. ముందు వాటి మీద సాధన. అవి లొంగాక పాత చొక్కా గుండీలు. అవీ లొంగాక తన గౌను. ఒక్కోసారి ఆ బిగుతు కాజాలను చూసి, ఇంత పొగరేమిటే నీకు, అని తననే తిట్టుకునేది. మంచంపక్క కుర్చీ ఖాళీగా ఉన్నప్పుడల్లా చేసింది. తనకున్న ఒకే ఒక్క మనిషిని సాగనంపడానికి ఇంత కష్టపడ్డ వాళ్ళను నేనింకెక్కడా చూడలేదు.

కండక్టరమ్మకు ఇదేమీ తెలియదు. పొద్దున వచ్చి గుండీలు పెడుతూ, "ఏమే, ఈ మధ్య నోరు విప్పవు? నా కథలు పాతబడ్డాయా?" అనేది. కాజాలమ్మ ఆవిడ నెరిసిన పాపిట కేసి చూస్తూ, ఇలా ఇంకెన్నాళ్ళో అనుకునేది. అలా అనుకున్న రోజు ఇంకాసేపు ఎక్కువ పిండేది స్పాంజిని.

చివరికి ఒక పొద్దున అడుగుల చప్పుడు వినిపించినప్పుడు కాజాలమ్మ గుండీలు విప్పలేదు. తనే లేచి వెళ్ళి తలుపు తీసింది.

కండక్టరమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. మెడ నుంచి నడుము దాకా చూసింది.

"ఎవరు పెట్టారు?"

"నేనే."

"నిజంగా?" అంటూ దగ్గరకొచ్చింది. "అదిగో, మధ్యలో ఒకటి తప్పింది చూడు, అక్కణ్ణుంచి వరసంతా వంకర పోయింది," అని అలవాటుగా చెయ్యి చాపింది.

"వద్దండీ," అంది కాజాలమ్మ. ఒక అడుగు వెనక్కి వేసి, తప్పిన దగ్గర్నుంచి కిందిదాకా విప్పింది. పెదవి కొరుక్కుంటూ ఒక్కొక్కటే మళ్ళీ పెట్టుకుంది. చాలాసేపే పట్టింది. అంతసేపూ కండక్టరమ్మకు తన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు. నడుము మీద పెట్టుకుంది, తీసింది, చివరికి కట్టుకుని నిలబడింది.

"అయితే ఇక నాకిక్కడ పనేం లేదన్నమాట," అంది, నవ్వడానికి ప్రయత్నిస్తూ. "మంచిదేలే. మా చెల్లెలికి ఒంట్లో బాగాలేదు, చూసొస్తాను."

అక్కడితో ఆపేసి ఉంటే మర్యాదగా సరిపోయేది. ఎవరికీ ఏమీ తెలిసేది కాదు. కానీ కాజాలమ్మ ఆపలేకపోయింది.

"అక్కా," అంది. ఆ పిలుపు ఆవిడ నోట రావడం అదే మొదలు. "నాకు గుండీలు పెట్టుకోవడం ఎప్పుడో వచ్చేసింది. నీ అడుగుల చప్పుడు విని విప్పేసేదాన్ని. మీ చెల్లెలి సంగతి నాకు తెలీదు. తెలిశాక పెట్టుకుందామంటే చెయ్యి నిజంగానే బిగుసుకుపోయింది. అందుకే ఇంకా ఇన్నాళ్ళు పట్టింది."

కండక్టరమ్మ మొహం కందగడ్డలా అయింది. "అంటే... అక్కడ అది లేవలేక ఏడుస్తుంటే, నేనిక్కడ కూర్చుని దొంగ గుండీలు పెడుతున్నానా?"

"అవును."

"ఎందుకే? ఏం పాపం చేశానని?"

"పెట్టుకుంటే నువ్వు రావు కదా."

కండక్టరమ్మ నోరు తెరిచింది. బస్సంతా వినపడేలా అరిచే ఆ గొంతు మెట్ల దాకా వినిపించింది.

"రమ్మని పిలవచ్చుగా! మెట్ల మీంచి ఒక్క కేకేస్తే రానా? విరిగింది చెయ్యే కదే, నోరు కాదుగా!"

"నాకు పిలవడం రాదక్కా," అంది కాజాలమ్మ.

కండక్టరమ్మ గిర్రున తిరిగి కిందికి వెళ్ళిపోయింది. తలుపు ధడేలున పడింది. ఆ సాయంత్రమే పెట్టె పట్టుకుని, తాళం వేసి, బయటికి నడిచింది. కాజాలమ్మ మెట్ల మలుపులో నిలబడి చూసింది. వెళ్ళొస్తానని అంటుందేమో అనుకుంది. అనలేదు. తల కూడా ఎత్తలేదు.

తర్వాత రోజులు గడిచాయి. కాజాలమ్మ తన పనులన్నీ తనే చేసుకుంది. సీసా మూతకు తడిగుడ్డ చుట్టి తనే తిప్పింది, తల తనే దువ్వుకుంది, గుండీలు తనే పెట్టుకుంది. మేస్త్రి దగ్గర్నుంచి ఒక కోటు తెచ్చుకుంది. మొదటి కాజా వంకర పోయింది, విప్పేసింది. రెండోది నిలబడింది. మేస్త్రి వెలుతురులో పెట్టి చూసి, "పాత చెయ్యే!" అని మెచ్చుకున్నాడు. ఫిజియోథెరపీ అమ్మాయి రెండు చేతులూ పట్టుకుని ఊపి, "ఇక మీరు రానక్కర్లేదు ఆంటీ, మీకెవరి సాయమూ అక్కర్లేదు," అంది. అందరూ సంతోషించారు. సంతోషించాల్సిన విషయమే. కాజాలమ్మ ఇంటికి వచ్చి తలుపు వేసుకుంది.

పొద్దున అదే వేళకు, గుండీలన్నీ పెట్టుకుని, మంచం అంచున కూర్చునేది. ఎవరూ రారని తెలుసు. మెట్ల మీద ఎవరివో అడుగులు వినిపించేవి, పక్క తలుపులోకి వెళ్ళిపోయేవి. టీ కాచుకునేది. అలవాటు కొద్దీ రెండు కప్పులు తీసి, ఒకటి మళ్ళీ లోపల పెట్టేది. ఎదురు కుర్చీ గోడకు జరిపి చూసింది. అప్పుడు గది మరీ పెద్దదైపోయినట్టనిపించి, మళ్ళీ ఎక్కడిదక్కడ పెట్టేసింది. ఏడుపొచ్చింది. చూసేవాళ్ళు లేరు కనక దాచుకోకుండా ఏడ్చింది.

అలా ఏడ్చిన ఒక పొద్దునే ఫోను చేతిలోకి తీసుకుంది. కండక్టరమ్మ నంబరు ఆసుపత్రి రోజుల్లోనే అందులోకి ఎక్కింది. తను ఒక్కసారి కూడా నొక్కలేదు. ఆ మాటకొస్తే కోట్ల పని మీద మేస్త్రికి తప్ప ఎవరికీ తనంతట తను ఫోను చేసి ఎరగదు. ఎత్తుతుందో లేదో, ఎత్తి తిడుతుందో. వేలు ఆగింది, మళ్ళీ కదిలింది. నొక్కేసింది.

"హలో! ఎవరూ?" అదే గొంతు. వెనకాల గిన్నెల చప్పుడు, ఎవరో దగ్గుతున్న చప్పుడు.

"నేనే... పైనింటి..."

"ఏమైంది? మళ్ళీ పడ్డావా?"

"లేదు."

"చెయ్యి నొప్పా?"

"లేదు. చెయ్యి బానే ఉంది."

"ఇంట్లో ఏమన్నా జరిగిందా? నా తలుపు తాళం అదీ సరిగ్గా ఉందా?"

"అన్నీ బానే ఉన్నాయి."

"మరేంటి?"

కాజాలమ్మకు బోలెడు వంకలు తోచాయి. మీ గుమ్మంలో ఉత్తరం పడి ఉందనొచ్చు. కుళాయి కారుతోందనొచ్చు. మణికట్టు దగ్గర కాస్త వాచిందన్నా నమ్ముతుంది. ఏదో ఒకటి అనేస్తే గౌరవంగా ఉంటుంది. అవతల గిన్నెల చప్పుడు ఆగిపోయింది. ఆవిడ ఎదురుచూస్తోంది.

"పనేం లేదక్కా," అంది కాజాలమ్మ. ఖాళీ కుర్చీ కేసి చూసింది. మళ్ళీ అంది. "నువ్వు లేకపోతే ఇక్కడ నాకేం తోచట్లేదు. కాసేపు మాట్లాడవా?"

పెట్టేసిందేమోనని కాజాలమ్మ ఫోను చెవికి గట్టిగా అదుముకుంది. తర్వాత నేల మీద కుర్చీ లాగిన చప్పుడు వినిపించింది.

"కూర్చున్నా," అంది కండక్టరమ్మ. "చెప్పు."